తొమ్మిది ఎడమ చేతులు

ఎండ నేరుగా చేతుల మీద పడుతోంది. నా ఎడమ మణికట్టులో డాక్టరు బిగించిన లోహపు పట్టీ నిజంగానే వేడెక్కుతోందో, వేడెక్కుతోందని నేనే అనుకుంటున్నానో తెలియదు, విదిలించుకుందామంటే వీల్లేదు, వరసలో నిలబడ్డాం, పుల్లలు డ్రమ్ము మీద అడ్డంగా, గడ్డాలు పైకి, చూపులు ఎదురుగా, ముక్కు మీద ఈగ వాలినా వాలనివ్వాలి. గేటు తెరవడానికి ఇంకా అరగంట పైనే ఉంది. ఈ వయసులో అంత ముందునుంచీ బిగుసుకుని నిలబడక్కర్లేదు, నిలబడమని ఎవరూ చెప్పలేదు కూడా, అయినా డ్రమ్ము భుజాలకెక్కగానే తొమ్మిదిమందిమీ ఒకరిని చూసి ఒకరం నిలబడిపోయాం. నాకు అరవై అయిదు. నాకంటే చిన్నవాడు ఒక్కడే, మిగతావాళ్ళంతా పెద్దవాళ్ళు, అందరూ మగవాళ్ళు, ఒకరికి మోకాలు కొత్తది, ఒకరికి గుండెలో యంత్రం, అందరికీ పొట్టలు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట మూతపడిన మా డ్రమ్ములూ బ్యూగిల్ బాకాల కవాతు దళం 'హార్బర్ హెరాల్డ్స్' ఈ ఒక్క సాయంత్రం కోసం మళ్ళీ లేచింది. పొద్దువాలాక ఈ రసీన్ ఊరి స్టేడియంలో కుర్రదళాల పోటీ జరుగుతుంది, దానికి ముందు పాతవాళ్ళకి పది నిమిషాలు ఇచ్చారు. పది నిమిషాలు చాలు. పది నిమిషాల్లో మనిషి పరువు నిలబెట్టుకోవచ్చు, పోగొట్టుకోవడానికైతే అందులో సగం కూడా అక్కర్లేదు.

సరస్సు మీంచి గాలి వస్తోంది, మిషిగన్ సరస్సు గాలి, జూలైలో కూడా ఒక చల్లటి పాయ దాచుకుని ఉంటుంది, అది మెడ వెనక తగిలినప్పుడల్లా ప్రాణం లేచొస్తోంది, స్టాండుల వెనక సాసేజీలు కాలుతున్న వాసన, బీరు వాసన, పైన జనం కాళ్ళ చప్పుడు. నా భయమంతా ఒక్కచోటే ఉంది. బ్యూగిళ్ళు ఆగి డ్రమ్ములు మాత్రమే వాయించే మా సోలో మధ్యలో ఒక రోల్ ఉంది, సందు లేకుండా వాన కురిసినట్టు పడే దెబ్బలు. పెద్ద ఉరుములా మొదలై, తగ్గుతూ తగ్గుతూ గుసగుసంత అయిపోయి, ఆ గుసగుస మీదే ఎనిమిది లెక్కల సేపు నిలబడాలి, తొమ్మిది డ్రమ్ముల్లోంచి ఒకటే చప్పుడు రావాలి, పట్టుబట్ట చించినట్టు, ఎక్కడా పోగు లేవకూడదు. ఏప్రిల్ నుంచి ఇవాళ్టి దాకా అది ఒక్కసారి కూడా శుభ్రంగా రాలేదు. ఒక్కసారి కూడా. పొద్దున కాఫీ తాగుతున్నప్పుడు, బల్ల మీద బాదం క్రింగిల్ రొట్టె ఇంకా సగం ఉండగానే, డినో పాస్క్వరెల్లా అనేశాడు, ఎప్పటికైనా ఎవరో ఒకరు అనాల్సిన మాటే. "చూడండ్రా, నాకు బెర్నీ అంటే ప్రాణం. ఆ సంగతి బెర్నీకీ తెలుసు. కానీ మనం పుల్లలు పాత పట్టులోనే పట్టుకుందాం, ఆవిడ తాళాలు వాయిస్తుంది, అందరం నవ్వులపాలు కాకుండా బయటపడతాం." బెర్నీ అంటే నేనే, నాకు కోపం రాలేదు. డినో చెప్పింది సబబే అన్నాను, తాళాలు ఇవ్వండి అన్నాను. లైల్ యోర్గెన్‌సెన్ మా అందరి వైపూ చూసి, చేతికంటిన పంచదార దులుపుకుని, "అయిదింటికి డ్రమ్ము తగిలించుకో" అన్నాడు. అంతే. ఈ మనిషి యాభై ఏళ్ళుగా ఇంతే, పది మాటలు కావలసిన చోట మూడు చెబుతాడు, మిగతా ఏడూ మనమే వెతుక్కోవాలి.

యాభై ఏళ్ళు. చర్చి నేలమాళిగ, ఆవిరి గొట్టాల టకటకలు, తడి బూట్ల వాసన, బయట నడుముదాకా మంచు. నేను జెండాల పిల్లని. ఆడపిల్లలకి జెండాలు, మగపిల్లలకి డ్రమ్ములూ బ్యూగిళ్ళూ, అదేదో బైబిల్లో రాసి ఉన్నట్టు ఎవరూ అడిగేవారు కాదు. మేము గోడవార వరసగా నిలబడి మా వంతు కోసం చూస్తూ ఉంటే, ఎదురుగా మాస్టారు మిస్టర్ గుండర్సన్ డ్రమ్ముల వాళ్ళని రుబ్బేవాడు. పగలంతా పోతపని, కొలిమి ముందు, సాయంత్రం మా ముందు, చేతుల మీద కాలిన మచ్చలు, గొంతులో కంకర. ఎడమ చెయ్యి అంటే ఆయనకి ప్రాణం. డ్రమ్ము భుజానికి వేసిన పటకాకి వేలాడుతూ ఎడమ తొడ మీదకి వాలి ఉండేది, ఆ వాలుకి అందాలంటే ఎడమ అరచెయ్యి పైకి తిరగాలి, పుల్ల బొటనవేలి మొదట్లో కూర్చుని రెండు వేళ్ళ మధ్యనుంచి బయటికి రావాలి. "కాఫీ కప్పు అందుకున్నట్టుండాలి, అడుక్కున్నట్టు కాదు!" అని అరిచేవాడు. నేను జెండాకర్ర ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నా గళ్ళ గౌను మీద తొడకేసి అదే వాయించుకునేదాన్ని. ఇంట్లో అమ్మ రొట్టె పిండి కలిపే పీట మీద, బళ్ళో బల్ల కింద, బస్సులో కిటికీ అద్దం మీద. శీతాకాలం సగమయ్యేసరికి సోలో అంతా నా రెండు తొడల్లో ఉంది, ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

పందొమ్మిది వందల డెబ్భై మూడు ఫిబ్రవరిలో డ్రమ్ముల వాడొకడు మంచుగుట్ట మీంచి జారుడుబండితో సహా పల్టీ కొట్టి మెడ కింది కాలర్ ఎముక విరగ్గొట్టుకున్నాడు. గుండర్సన్ అడిగాడు, "వాడి భాగం ఎవరికొచ్చు?" గోడవారనుంచి ఒక గొంతు "నాకొచ్చు" అంది, అది నా గొంతేనని నాకు తరవాత తెలిసింది. లైల్ అప్పటికి పందొమ్మిదేళ్ళవాడు, లైనుకి నాయకుడు, తోటకూర కాడలా పొడుగు. "జెండా పిల్లకి డ్రమ్మా? రేపు మా అమ్మ కూడా వస్తానంటుంది," అన్నాడు. "నీకంటే బాగా వాయిస్తే తీసుకురా," అన్నాడు గుండర్సన్. అందరూ పగలబడి నవ్వారు, లైల్ చెవులు ఎర్రబడ్డాయి, పటకా తీసి డ్రమ్ము నేల మీద పెట్టేశాడు. "ఆడపిల్ల వస్తే నేనుండను సార్." గుండర్సన్ గొంతు పెంచలేదు. "సరే. గోడకేసి తిరుగు. ఒక్కొక్కరూ వాయిస్తారు. వీళ్ళల్లో ఆడపిల్ల ఎవరో చెప్పు. సరిగ్గా చెప్పావా, నీ మాటే చెల్లుతుంది." అయిదుగురం వాయించాం, నేను రెండోదాన్ని, నా చేతుల్లో అంత బరువైన పుల్లలు అదే మొదటిసారి. లైల్ గోడ వైపే నిలబడి తల వాల్చి విన్నాడు, విని, "నాలుగోది. దెబ్బ తడబడింది, పుల్ల అంచుకి తగిలింది. అదే ఆడపిల్ల," అన్నాడు. నాలుగోది డినో. ఆ తరవాత రెండేళ్ళు డినోని అందరూ సిస్టర్ డినో అనే పిలిచారు. లైల్ ఇటు తిరిగాడు, నా వైపు చూశాడు, డ్రమ్ము ఎత్తుకుని మళ్ళీ తగిలించుకున్నాడు. "సోమవారం ఆరింటికి," అన్నాడు. "ఆలస్యమైతే తలుపేసేస్తా." క్షమాపణ అనే మాట లైల్ నోట నేను ఇప్పటికీ వినలేదు, ఆ సోమవారం నేను అయిదింటికే వెళ్ళి తలుపు దగ్గర మంచులో నిలబడ్డాను.

ఎండాకాలమంతా నా ఎడమ తొడ మీద పళ్ళెమంత కమిలిన మచ్చ, అడుగు పడ్డప్పుడల్లా డ్రమ్ము వచ్చి కొట్టిన చోట, ముందు నీలం, తరవాత ఊదా, తరవాత ముగ్గిన అరటిపండు రంగు, దాన్ని నేను పతకంలా చూసుకునేదాన్ని. బస్సుల్లో నిద్ర, బడుల నేలల మీద నిద్ర, గొట్టం కింద చన్నీళ్ళు. కొన్ని ఊళ్ళలో జనం నన్ను చూసి ఈలలు వేశారు, ఒక ఊళ్ళో ఒకావిడ మాత్రం కంచె దగ్గరికి వచ్చి ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని వదిలేసింది. ఆ రోజుల్లో జడ్జిలు మైదానంలోకే వచ్చేవారు, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, మా ముందు వంగి మా డ్రమ్ములకి చెవి ఆనించినంత దగ్గరగా నడుస్తూ, ఒక దెబ్బ తేడా పడితే కాగితం మీద ఒక గీత. గీతకి మార్కులో పదోవంతు ఎగిరిపోయేది. ఆ పెన్సిలు గీరిన చప్పుడు అంత బ్యూగిళ్ళ గోలలోనూ వినబడేది. డెబ్భై నాలుగులో, డుబ్యూక్ ఊరి పోటీలో, లైల్‌కి అది ఆఖరి సంవత్సరం, ఇరవై ఒకటి దాటితే ఇంటికే, జడ్జి వచ్చి నా ఎదురుగా ఆగిపోయాడు. మిగతా ఎనిమిది మందినీ వదిలేసి. ఆడపిల్ల దగ్గరే తప్పు దొరుకుతుందని ఎవరో చెప్పి ఉంటారు. సోలో మొత్తం, ఆ రోల్ మొత్తం, ఆయన టోపీ అంచు నా డ్రమ్ముకి జానెడు దూరంలో ఉంది, ఆయన మెడ మీద చెమట బొట్టు ఒకటి కాలరులోకి జారడం నేను చూశాను, పెన్సిలు కాగితం మీద ఆనించే ఉంది, కదల్లేదు. ఒక్క గీత కూడా. ఆఖరి దెబ్బ పడ్డాక ఆయన నిటారుగా లేచి పెన్సిలు చెవి వెనక పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు డ్రమ్ముల్లో మమ్మల్ని దాటినవాళ్ళు లేరు. బస్సులో గుండర్సన్ నా సీటు దగ్గర ఆగి, "నీ ఎడమ చెయ్యి," అన్నాడు, ఇంకేదో అనబోయి, "బాగా నిద్రపో" అని ముందుకెళ్ళాడు. నేను రాత్రంతా ఆ చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ ఎడమ చెయ్యే ఇప్పుడు లేనిది. ఉంది, కానీ అది కాదు. మధ్యలో ఎంత కాలం, ట్రాక్టరు కంపెనీలో ముప్ఫై ఏళ్ళు రేకులు కొట్టే యంత్రం ముందు నిలబడ్డాను, దాని లయ కూడా బాగుండేది, పెళ్ళయింది, ఆయన పోయాడు, దళం మూతపడింది, గుండర్సన్‌ని పాతిపెట్టినప్పుడు మేము పుల్లలు ఆయన పెట్టె మీద పెట్టలేదు, ఎవరి పుల్లలు వాళ్ళం ఇంటికి తీసుకెళ్ళి వాయించుకున్నాం, ఆయనకి వృథా అంటే పడదు. లోకంలో మిగతా దళాలు మారుతూ పోయాయి. డ్రమ్ము వాలు పోయింది, భుజాలకి తగిలించే చట్రం మీద బల్లలా సమంగా కూర్చుంది. బ్యూగిళ్ళకి ఒకటే మీట ఉండేది, మూడయ్యాయి. పెన్సిలు జడ్జిలు పోయారు, ఇప్పుడు యంత్రంలో మాట్లాడుతూ మెచ్చుకుంటారట. మైకులొచ్చాయి, నాట్యాలొచ్చాయి, ఈకల టోపీలు పోయాయి. ఏడాదికొక ఆచారం పోయేది, పోయినప్పుడల్లా ఎవరో ఒకరు ఇక దళాలు చచ్చినట్టే అనేవారు. చాలా ఏళ్ళ తరవాత నేను, లైల్, డినో కలిసి ఒక పోటీకి వెళ్ళాం, కుర్రాళ్ళు వెనక్కి పరుగెత్తుతూ మేము నిలబడి కూడా వాయించలేనివి వాయించారు. "సర్కస్సు," అన్నాడు డినో. నాకు మాత్రం ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అప్పుడనిపించింది, డెబ్భై మూడులో దళాన్ని చంపిన మార్పు నేనే కదా అని. నేనొచ్చాను, దళం చావలేదు, డుబ్యూక్‌లో గెలిచింది.

ఈ ఫిబ్రవరిలో మెట్ల మీద మంచు గడ్డకట్టి జారాను, ఎడమ మణికట్టు రెండు ముక్కలు. పట్టీ, ఏడు మరలు. డాక్టరు నా చెయ్యి పట్టుకుని తిప్పబోయాడు, అరచెయ్యి నేల వైపు తిరిగింది, పక్కకి తిరిగింది, పైకి మాత్రం తిరగలేదు. "ఇంతే ఇక," అన్నాడు. "దేనికైనా ఇబ్బందా?" కాఫీ కప్పు అందుకోవడానికి, అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఏప్రిల్‌లో, మేం సాధన చేసే సైనికుల క్లబ్బు వెనక స్థలానికి డ్రమ్ము వాపసు ఇచ్చేద్దామనే తీసుకెళ్ళాను. అరచెయ్యి పైకి రానివాళ్ళు రెండు చేతులూ ఒకలాగే బోర్లించి వాయించవచ్చు, లోకంలో సగంమంది అలాగే వాయిస్తారు, కానీ వరసలో తొమ్మిది ఎడమ చేతుల్లో ఎనిమిది ఒకలా ఒకటి ఇంకోలా ఉంటే అది వరస కాదు. "పన్నూడిన నోరులా ఉంటుంది," అన్నాడు డినో, నిజం. లైల్ అడిగాడు, "బోర్లించి వాయించగలవా?" వాయించాను. చెయ్యి కొత్త, చెవి పాతదే. విన్నాడు. తన ఎడమ చేతి కేసి చాలాసేపు చూసుకున్నాడు, అరవై తొమ్మిదేళ్ళ చెయ్యి, పన్నెండో ఏటినుంచీ పైకి తిరిగే ఉన్న అరచెయ్యి. దాన్ని మెల్లగా బోర్లించాడు. "ఇలాగేనా?" అన్నాడు. వాయించాడు. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి మెట్ల మీంచి దొర్లించినట్టుంది. ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు, ముందు లైలే నవ్వాడు. "డ్రమ్ము వాలుగా ఉన్న రోజుల్లో చెయ్యి పైకి తిరిగింది. వాలు పోయి నలభై ఏళ్ళయింది, చెయ్యి ఇంకా ఎవడి కోసం చూస్తోంది?" అన్నాడు లైల్. డినో నెత్తి కొట్టుకున్నాడు. "గుండర్సన్ సమాధిలోంచి లేచొస్తాడ్రా!" "రానీ," అన్నాడు లైల్. "పెద్ద డ్రమ్ము మోసేవాడు ఒకడు తక్కువయ్యాడు."

ఆ తరవాత మూడు నెలలు ఎనిమిదిమంది ముసలాళ్ళు పసిపిల్లల్లా అక్షరాలు దిద్దుకున్నారు. పాత చోట్ల కాయలుండగా కొత్త చోట్ల బొబ్బలు, మోచేతులకి మంచుగడ్డల సంచులు, డినో ఫోను చేసి తిట్టేవాడు, తిడుతూనే అవతల పుల్లలు ఆడిస్తుండేవాడు, నాకు వినబడేది. అన్నీ వచ్చాయి, ఆ రోల్ తప్ప.

గేటు కిర్రుమంది. బ్యూగిళ్ళ వాళ్ళు కదిలారు. లైల్ పెదవులు కదపకుండా, ఎదురుగా చూస్తూనే, "బెర్నీ, ఊపిరి తీసుకో. మర్చిపోయావు," అన్నాడు. తీసుకున్నాను. పచ్చిక కాళ్ళ కిందికి వచ్చింది, జనం ఒక గోడలా లేచారు, ఎవరో మా దళం పేరు అరుస్తున్నారు, బ్యూగిళ్ళు మొదటి పాట ఎత్తుకున్నాయి, వాళ్ళలో సగంమందికి పళ్ళు కట్టుడువి, అయినా ఆ శబ్దం ఛాతీకి తగిలి వెనక్కి తోసింది, రెండో పాట, నా చేతులు నన్నడగకుండా వెళ్తున్నాయి, ఆపైన బ్యూగిళ్ళు దిగిపోయాయి, మైదానం ఖాళీ అయింది, మేమే మిగిలాం. సోలో. ఉరుము లేచింది. పరుగుదెబ్బలు, అడ్డదెబ్బలు, పుల్లలు పైకి లేచి ఒకేసారి ఎండలో మెరవడం కంటికొసలో కనబడింది, డినో కుడిపక్కనుంచి ఏదో గొణుగుతున్నాడు, ప్రార్థనో తిట్టో, ఉరుము తగ్గడం మొదలైంది, తగ్గుతోంది, ఇక్కడే, ప్రతిసారీ ఇక్కడే ఎవరిదో ఒకరి ఎడమ చెయ్యి బరువుగా పడి పోగు లేచేది, నేను లెక్క పెట్టడం మానేసి విన్నాను, నా డ్రమ్ము కోసం విన్నాను, అది వినబడలేదు. కంగారు పడ్డాను, వాయించడం ఆపేశానా అని కిందికి చూశాను, రెండు పుల్లలూ తోలు మీద పొగమంచులా కదులుతూనే ఉన్నాయి. అటు చూశాను, ఇటు చూశాను, చూడకూడదని తెలిసీ చూశాను. తొమ్మిది ఎడమ చేతులు, తొమ్మిదీ బోర్లించి, మచ్చలవి, నరాలు తేలినవి, వణుకుతాయని డాక్టర్లు చెప్పినవి, ఒక్కటీ వణకడం లేదు. తొమ్మిది డ్రమ్ములు లేవు, ఒక్క డ్రమ్మే ఉంది, దాన్ని ఎవరు వాయిస్తున్నారో దేవుడికి తెలియాలి. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, ఎనిమిదివేలమంది ఉన్న స్టేడియంలో జెండాతాడు స్తంభానికి తగిలే చప్పుడు వినబడేంత నిశ్శబ్దం, మళ్ళీ లేవడం, లేవడం, లేవడం, ఆఖరి దెబ్బ ఒక్కటి, గొడ్డలి పడ్డట్టు.

జనం ఏం చేశారో నేను సరిగ్గా చెప్పలేను, నా కళ్ళ నిండా నీళ్ళు, అవి తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. బయటికి నడుస్తుంటే కంచె మీంచి చేతులు చాచి భుజాలు తట్టారు, కార్లు పెట్టే స్థలందాకా మా వెంటే వచ్చారు, ఒకప్పటి శత్రుదళాల వాళ్ళు, మిల్వాకీ వాళ్ళు, బట్టతలల వాళ్ళు, వాకర్లు పట్టుకున్నవాళ్ళు, మా చుట్టూ గుమిగూడి "మళ్ళీ! ఇంకోసారి!" అని అరుస్తున్నారు. డినో డ్రమ్ము మీద వాలిపోయి వెక్కి వెక్కి ఏడుస్తూ, "నా తప్పు, తాళాలన్నాను, నా నోట్లో సబ్బు పెట్టి కడగండ్రా," అంటున్నాడు, ఎవరో అతని చేతిలో బీరు పెట్టారు. "సరే, వాయిద్దాం," అన్నాడు లైల్. లైనులో నడిమి డ్రమ్ము వాడు నాలుగు దెబ్బలు కొట్టి వేగం చెబితేనే మిగతావాళ్ళు అందుకుంటారు. డెబ్భై రెండు నుంచీ లైల్ ఉన్న ప్రతి వరసలోనూ ఆ చోటు లైల్‌దే. అతను నా డ్రమ్ము చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని, బల్లని జరిపినట్టు నన్ను నడిమికి జరిపి, తను వెళ్ళి చివర నిలబడ్డాడు.

"నువ్వు చెప్పు," అన్నాడు.

"ఏ వేగం?" అన్నాను.

"నీ ఇష్టం. మేం అందుకుంటాంలే."

డుబ్యూక్‌లో వాయించిన వేగం పెట్టాను, మా వయసుకి అది పిచ్చితనం, ఎనిమిదిమందికీ తెలుసు, ఒక్కడూ కాదనలేదు. పుల్ల ఎత్తాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు.